టెర్మినల్ పేరుతో వచ్చిన కంప్యూటర్: డేటాపాయింట్ 2200

డేటాపాయింట్ 2200 చూపులకు పాతకాలపు ఎలక్ట్రిక్ టైప్‌రైటర్. బల్ల మీద అది ఆక్రమించే చోటు కూడా దాదాపు అంతే. ముందు కీబోర్డు, దాని వెనకాల అడ్డంగా సాగిన చిన్న తెర, పైభాగంలో క్యాసెట్లు పెట్టడానికి రెండు గూళ్లు. బరువు మాత్రం ఇరవై కిలోల పైమాటే. పాత యంత్రాలు సేకరించేవాళ్లకు ఇలాంటిది ఏ గోడౌన్ మూలనో, మూతపడ్డ ఆఫీసు సామాను వేలంలోనో దొరికితే, దాన్ని టెర్మినల్ అనే చెప్పి ఇస్తారు. పైమూత తీశాక ఆ మాట నిలవదు. లోపల ఉన్నది పూర్తిస్థాయి ప్రాసెసర్. అయితే ఇదీ ప్రాసెసర్ అని వేలు పెట్టి చూపించగల చిప్పు ఒక్కటీ ఉండదు. వంద దాకా చిన్న చిప్పులు ఒక బోర్డు మీద వరసలు తీరి ఉంటాయి. అవన్నీ కలిస్తేనే ప్రాసెసర్. ఈ యంత్రాన్ని 1970లో ప్రకటించారు. అప్పటికి మైక్రోప్రాసెసర్ అన్న వస్తువు అంగట్లోకి రానేలేదు. ఇవాళ ఎన్నో ల్యాప్‌టాప్‌లలోనూ సర్వర్లలోనూ నడుస్తున్న ఇంటెల్ తరహా ప్రాసెసర్ల వంశం మొదలైంది టెర్మినల్ అని పేరు పెట్టిన ఈ పెట్టెలోనే.

1960లలో కంప్యూటర్ అంటే ఒక పెద్ద గదిని నింపే యంత్రం. దాని ఖరీదు ఒక మనిషికో ఒక చిన్న ఆఫీసుకో అందేది కాదు కాబట్టి చాలామంది కలిసి పంచుకునేవారు. ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని ఆ యంత్రంతో మాట్లాడే సాధనమే టెర్మినల్. అది సొంతంగా ఏదీ ఆలోచించదు. నొక్కిన అక్షరాన్ని తీగ మీదుగా పంపడం, అవతలి నుంచి వచ్చిన అక్షరాన్ని చూపించడం, అంతవరకే దాని పని. అప్పట్లో బాగా చలామణిలో ఉన్నది టెలిటైప్ మోడల్ 33. సెకనుకు పది అక్షరాలు, అవీ కాగితం మీద, గది దద్దరిల్లేంత చప్పుడుతో.

టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో 1968లో ఫిల్ రే, గస్ రోష్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక కంపెనీ పెట్టారు. ఇద్దరూ అంతరిక్ష రంగంలో పనిచేసి వచ్చినవాళ్లు. కంపెనీ పేరు కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్. వాళ్ల తొలి సరుకు డేటాపాయింట్ 3300. టెలిటైప్ తీసేసి ఆ చోటులో దీన్ని పెట్టుకుంటే చాలు, అవతలి కంప్యూటర్‌కు తేడా తెలియదు. కాగితం బదులు తెర, తెర మీద ఇరవై అయిదు వరసలు, వరసకు డెబ్బై రెండు అక్షరాలు. చప్పుడు లేదు, కాగితం ఖర్చు లేదు. సరుకు అమ్ముడుపోయింది, కంపెనీ నిలదొక్కుకుంది.

అసలు ఆలోచన మాత్రం ఆ ఇద్దరికీ అంతకంటే పెద్దదే. అప్పట్లో ప్రతి పెద్ద కంప్యూటర్ కంపెనీ తన యంత్రానికి తనదైన టెర్మినల్‌ను అమ్ముకునేది. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. అలా కాకుండా టెర్మినల్ నడతను తీగల అమరికలో బిగించేయక ప్రోగ్రాములో రాసిపెడితే? క్యాసెట్ మారిస్తే చాలు, అదే పెట్టె వేరే కంపెనీ టెర్మినల్‌గా మారిపోతుంది. అందుకు లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉండాలి. ప్రాసెసర్, మెమరీ, కీబోర్డు, తెర, టేపు అన్నీ ఒకే పెట్టెలో చేరాక అది వేరే కంప్యూటర్ తోడు లేకుండా కూడా పనిచేయగలదు. ఈ సంగతి దాన్ని తలపెట్టినవాళ్లకు బాగా తెలుసు. అయినా బయటి ప్రపంచానికి టెర్మినల్ అనే చెప్పారు. పెట్టుబడి పెట్టేవాళ్లకు టెర్మినళ్ల వ్యాపారం అర్థమవుతుంది. కొత్త కంపెనీ కంప్యూటర్ చేస్తానంటే ఐబీఎంతో తలపడుతోందని జడుసుకుంటారు. వ్యాపారపరంగా అది తెలివైన పనే. చరిత్రలో ఆ యంత్రానికి దక్కాల్సిన చోటు దక్కకపోవడానికి కూడా ఆ పేరే ప్రధాన కారణమని చెప్పక తప్పదు.

యంత్రం రూపురేఖలు దిద్దింది జాక్ ఫ్రాసానిటో అనే పారిశ్రామిక డిజైనర్. ఆఫీసులో టైపిస్టు బల్ల మీద అప్పటికే ఉన్న టైప్‌రైటర్‌ను తీసి, అదే చోట దీన్ని పెట్టగలగాలన్నది లెక్క. తెర కూడా మామూలు టీవీ ఆకారంలో ఉండదు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. వరసకు ఎనభై అక్షరాల చొప్పున పన్నెండు వరసలు. అప్పటి డేటా ఎంట్రీ అంతా పంచ్ కార్డుల మీద సాగేది. కార్డుకు ఎనభై నిలువు గడులు, పన్నెండు అడ్డ వరసలు. తెర కొలత ఆ కార్డుకు సరిపోయేలా వచ్చింది. కార్డులకు చిల్లులు పొడిచే ఉద్యోగులకు కొత్త యంత్రం కొత్తగా అనిపించకూడదన్న శ్రద్ధ అందులో కనిపిస్తుంది.

కీబోర్డులో మామూలు అక్షరాలకు కుడిపక్క అంకెల మీటలు వేరుగా ఉంటాయి. ఇంకా రన్, స్టాప్, రీస్టార్ట్, కీబోర్డ్, డిస్‌ప్లే అని పేర్లున్న అయిదు మీటలు ఉంటాయి. రీస్టార్ట్ నొక్కితే వెనక గూటిలోని క్యాసెట్ తిరిగి, అందులోని మొదటి ముక్క మెమరీలోకి ఎక్కుతుంది. ప్రాసెసర్ అక్కడి నుంచి పని మొదలుపెడుతుంది. ఒక్కో క్యాసెట్‌లో సుమారు 130 వేల అక్షరాలు పట్టేవి. ఇంకో చిన్న ముచ్చట: ఈ యంత్రం ‘టిక్’ అని చప్పుడు చేయడానికి ఒక ఆదేశం, ‘బీప్’ అనడానికి ఇంకో ఆదేశం ఉన్నాయి. టైప్‌రైటర్‌కు అలవాటుపడ్డ వేళ్లకు మీట పడిందన్న నమ్మకం కలగాలంటే చెవికి చప్పుడు వినిపించాలి. ఎలక్ట్రానిక్ మీట చప్పుడు చేయదు కాబట్టి ఆ పని ప్రోగ్రాముకు అప్పగించారు.

ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల జాబితాను ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటారు. ఈ యంత్రానికి దాన్ని తయారుచేసినవాళ్లు విక్టర్ పూర్, హ్యారీ పైల్. ఇద్దరికీ హామ్ రేడియో మీద మక్కువ. అప్పటికి పూర్ మేరీలాండ్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంజనీరు, పైల్ ఇంకా కాలేజీ విద్యార్థి. 1969 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ సెలవులకు పూర్ ఇంట్లో కూర్చుని ఆ జాబితాకు రూపం ఇచ్చారు. ఎనిమిది బిట్ల రిజిస్టర్లు ఏడు. వాటికి ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్ అని పేర్లు. చివరి రెండూ మెమరీలో చిరునామా చెప్పడానికి. హెచ్‌లో చిరునామా పైసగం, ఎల్‌లో కింది సగం. లెక్క చేశాక ఫలితం సున్నానా, రుణమా, మిగులు వచ్చిందా అని గుర్తుపెట్టుకోవడానికి ఫ్లాగులు ఉన్నాయి. వాటితోపాటు ప్యారిటీ ఫ్లాగ్ ఒకటి. ఒక బైటులో ఒకట్ల సంఖ్య సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చెప్పేది అది. ఫోను తీగ మీద వచ్చే అక్షరాల్లో పొరపాటు దొర్లితే పట్టుకోవడానికి అదే ఆధారం. టెర్మినల్‌కు ఇది రోజూ అవసరమైన పని.

మెమరీ సంగతి కాస్త వివరంగా చూడాలి. ఈ యంత్రం స్వభావమంతా అక్కడే ఉంది. ఇప్పటి మెమరీలో ఏ గడిలోకైనా తిన్నగా వెళ్లవచ్చు. 1970లో అలాంటి చిప్పులు ఖరీదు. చవకగా దొరికినవి షిఫ్ట్ రిజిస్టర్లు. రంగులరాట్నంలో గుర్రాలు ఒకదాని వెనక ఒకటి తిరిగినట్టు వాటిలో బిట్లు ఆగకుండా తిరుగుతూ ఉంటాయి. కావలసిన బిట్ గుమ్మం ముందుకు వచ్చేదాకా ఆగాల్సిందే. ఒక్కో చిప్పులో 512 బిట్లు. వరుసగా వచ్చే ఆదేశాలైతే ఇబ్బంది లేదు, ఒకదాని తర్వాత ఒకటి అవే వస్తాయి. మెమరీని ముట్టుకోని ఆదేశానికి పదహారు మైక్రోసెకండ్లు పడితే, మెమరీలో వేరే చోటికి వెళ్లాల్సినప్పుడు ఒక చుట్టు పూర్తయ్యేందుకు అయిదు వందల మైక్రోసెకండ్లు దాటేవి. ఈ సంగతి తెలిసిన ప్రోగ్రామర్ తన సమాచారాన్ని ఎక్కడ దాచాలో చూసుకుని మరీ రాసేవాడు.

బిట్లు ఒక్కొక్కటిగా వస్తున్నప్పుడు ఎనిమిది బిట్లనూ ఒకేసారి కూడే యంత్రాంగం పెట్టి లాభం లేదు. అందుకని మొదటి 2200 ప్రాసెసర్ ఒక్కో బిట్‌నే కూడుతుంది. మనం పలకమీద కూడిక చేసేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి మిగులును ఎడమకు తీసుకెళ్తాం. ఈ ప్రాసెసర్‌కూ చిన్న స్థానం ముందు కావాలి. రెండు బైట్ల సంఖ్య మెమరీలో ఉంటే కింది సగం ముందు, పైసగం తర్వాత ఉండాల్సిన కారణం అదే. ఈ అమరికకు లిటిల్ ఎండియన్ అని పేరు. తిరిగే మెమరీ పోయి దశాబ్దాలయింది. అమరిక మాత్రం పోలేదు. ఇప్పటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు సంఖ్యలను అదే వరసలో దాస్తాయి.

ప్రాసెసర్ మొత్తాన్ని ఒకే చిప్పు మీద చేయించుకుంటే ఖర్చూ వేడీ రెండూ తగ్గుతాయన్న ఆశ కంపెనీకి ఉండేది. కాలిఫోర్నియాలోని ఇంటెల్ అప్పటికి మెమరీ చిప్పులు అమ్ముకునే చిన్న కంపెనీ. శాన్ ఆంటోనియో కంపెనీ వాళ్లు ఇంటెల్ దగ్గరికి వెళ్లి విషయం చెప్పారు. ఇంటెల్ తరఫున స్టాన్ మేజర్, టెడ్ హాఫ్ దాన్ని పరిశీలించి, ఒకే చిప్పులో పట్టించవచ్చని తేల్చారు. ఒప్పందం కుదిరింది. చిప్పుకు 1201 అని అంకె ఇచ్చారు. డల్లాస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కూడా అదే ఇన్‌స్ట్రక్షన్ సెట్‌తో వేరుగా ఒక చిప్పు మొదలుపెట్టింది. 1971లో దాన్ని తయారుచేసి పత్రికల్లో ప్రకటన కూడా ఇచ్చింది. ఆ చిప్పు పరిమాణం మరీ పెద్దది, పనితీరు శాన్ ఆంటోనియో కంపెనీకి నచ్చలేదు, అక్కడితో సరి. ఇంటెల్ పని మధ్యలో కొంతకాలం మూలపడింది. 1971లో ఫెడెరికో ఫాజిన్ పర్యవేక్షణలో హాల్ ఫీనీ దాన్ని మళ్లీ చేతికి తీసుకుని పూర్తిచేశాడు.

ఈలోపు శాన్ ఆంటోనియోలో పరిస్థితి మారిపోయింది. చిప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మొదట చెప్పిన చిన్న చిప్పులతోనే, అంటే టీటీఎల్ అనే మామూలు రకం చిప్పులతోనే యంత్రాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టారు. ఆర్థిక మాంద్యం వల్ల ఆ చిప్పుల ధరలూ పడిపోయాయి. పైగా తిరిగే మెమరీని వదిలేసి, ఎనిమిది బిట్లనూ ఒకేసారి లెక్కగట్టే రెండో రకం 2200 సిద్ధమవుతోంది. దానితో పోలిస్తే ఇంటెల్ చిప్పు నత్తనడకే. ఇక దాన్ని తీసుకుని ఏం చేయాలి? అభివృద్ధి ఖర్చు చెల్లించే బదులు, ఆ చిప్పునూ దాని ఇన్‌స్ట్రక్షన్ సెట్‌నూ ఎవరికైనా అమ్ముకునే హక్కును ఇంటెల్‌కే వదిలేశారు. ఆ రోజు లెక్కల ప్రకారం చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మెరుగైన ప్రాసెసర్ చేతిలో ఉండగా, మందకొడి చిప్పు కోసం డబ్బు పోసే వ్యాపారి ఉండడు. కానీ కంప్యూటర్ల చరిత్రలో ఇంత విలువైన ఆస్తి ఇంత తేలిగ్గా చేతులు మారిన సందర్భం ఇంకొకటి దొరకడం కష్టం.

1972 ఏప్రిల్‌లో ఇంటెల్ ఆ చిప్పును 8008 అన్న పేరుతో విడుదల చేసింది. ట్రాన్సిస్టర్లు సుమారు 3,500, కాళ్లు పద్దెనిమిది. కాళ్లు అంత తక్కువ కావడంతో చిరునామాలూ సమాచారమూ అవే తీగల మీద వంతులవారీగా వెళ్లాల్సి వచ్చేది. దాన్ని నడిపించడానికి చుట్టూ ఇరవై దాకా వేరే చిప్పులు పెట్టాల్సి వచ్చేది. అయినా జనం వాడారు. ఫ్రాన్స్‌లో 1973లో వచ్చిన మిక్రాల్ కంప్యూటర్‌లో అదే ఉంది. బిల్ గేట్స్, పాల్ అలెన్ కుర్రతనంలో రోడ్ల మీద వాహనాల లెక్కలు విశ్లేషించడానికి చేసిన యంత్రంలోనూ అదే. 1974లో దాన్ని మెరుగుపరిచి 8080 వచ్చింది. 1978లో 8086. 8080 కోసం రాసిన ప్రోగ్రాములను యాంత్రికంగా మార్చుకుని వాడుకునేలా దాని ఆదేశాలను రూపొందించారు. దాని తోబుట్టువు 8088ను ఐబీఎం 1981లో తన పర్సనల్ కంప్యూటర్‌లో పెట్టింది. ఆ తర్వాతి కథ లోకానికంతా తెలుసు.

ఇన్ని తరాలు దాటినా 1969 నాటి ఆనవాళ్లు చెరిగిపోలేదు. హెచ్ అంటే పైసగం, ఎల్ అంటే కింది సగం అన్న పద్ధతి 8086 రిజిస్టర్ల పేర్లలో కొనసాగింది. ప్యారిటీ ఫ్లాగ్ ఇప్పటి అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్లలో కూడా ఉంది. ఫోను తీగ మీద అక్షరాలు సరిచూసుకునే పని ఇప్పుడు ఆ ఫ్లాగుకు దాదాపు లేదు. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదన్న నియమం వల్ల అది అలాగే ఉండిపోయింది. సండే మ్యాగజైను చదువుకోవడానికి ల్యాప్‌టాప్ తెరిచిన మనిషి ముందు టెక్సాస్ టెర్మినల్ ఒకటి ఈ రకంగా పనిచేస్తూనే ఉంది.

ఇక 2200 కొన్నవాళ్లు దాన్ని ఎలా వాడారో చూడాలి. మొదట్లో కొన్న సంస్థల్లో పిల్స్‌బరీ అనే ఆహార పదార్థాల కంపెనీ ఒకటి. కొన్నాక చాలామంది గ్రహించింది ఒక్కటే: పెద్ద కంప్యూటర్‌కు ఫోను కలపకుండానే జీతాల పట్టీలు, సరుకు లెక్కలు ఇక్కడే తేలిపోతున్నాయి. కంపెనీ దానికోసం డేటాబస్ అనే ప్రోగ్రామింగ్ భాషను అందించింది. ప్రింటర్లు, డిస్కులు తగిలించుకునే వీలు కల్పించింది. 1972లో కంపెనీ పేరు కూడా డేటాపాయింట్ కార్పొరేషన్‌గా మారింది. పేరులోంచి టెర్మినల్ అన్న మాట పోయింది. 1977లో ఆర్క్‌నెట్ పేరుతో ఒకే ఆఫీసులోని కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కును కూడా ఆ కంపెనీయే మార్కెట్లోకి తెచ్చింది. 1980లలో అమ్మకాలను ఎక్కువ చేసి చూపారన్న వివాదంతో కంపెనీ ప్రతిష్ఠ దెబ్బతిని, చేతులు మారి, క్రమంగా మరుగున పడింది.

లోపల ప్రాసెసర్ ఉన్న టెర్మినళ్లు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. హ్యూలెట్ ప్యాకర్డ్ 1970ల మధ్యలో తెచ్చిన 2640 టెర్మినల్‌లో ఉన్నది ఇంటెల్ 8008. ఒక టెర్మినల్ కోసం పుట్టి, ఆ టెర్మినల్‌లోకి వెళ్లలేకపోయిన చిప్పు వేరే కంపెనీ టెర్మినల్‌లో కుదురుకుంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100లో 8080 ఉంది. అయితే దాని ప్రోగ్రాము చెరగని మెమరీలో బిగించి ఉండేది. తెర మీద అక్షరాలు చూపించడం వరకే దాని పని, కొన్నవాళ్లు సొంత ప్రోగ్రాము నడపడానికి వీలులేదు. అదే కంపెనీ అంతకుముందు సంవత్సరం వీటీ52 టెర్మినల్ పెట్టెలో ఏకంగా ఒక పీడీపీ-8 కంప్యూటర్‌ను ఇమిడ్చి వీటీ78 అని అమ్మింది. ఆ తర్వాత వీటీ100 పెట్టెలో పీడీపీ-11 తరహా బోర్డు పెట్టి వీటీ103 తెచ్చింది. బయటి నుంచి చూస్తే మామూలు టెర్మినల్‌కూ వీటికీ తేడా పట్టుకోవడం కష్టం. అందుకే పాత టెర్మినల్ దొరికినప్పుడు ముందు వెనకవైపు అంటించిన మోడల్ అంకె చదవాలి, తర్వాత లోపలి బోర్డులు చూడాలి. మెమరీ చిప్పులు తెరకు కావలసినదానికి మించి ఉన్నాయా, టేపుకో డిస్కుకో వెళ్లే తీగలు ఉన్నాయా అన్నవే అసలు గుర్తులు.

దొరికిన వెంటనే ప్లగ్గు పెట్టడం మాత్రం కూడదు. పవర్ సప్లైలోని కెపాసిటర్లు యాభై ఏళ్లు ఊరికే పడి ఉండి చెడిపోయి ఉంటాయి. అవి పేలితే పోయేది ఒక్క కెపాసిటరే కాదు, తప్పుడు వోల్టేజీ వెళ్లి బోర్డు మీది చిప్పులన్నీ కాలిపోవచ్చు. కాబట్టి పవర్ సప్లైని బోర్డుల నుంచి విడదీసి, విడిగా పరీక్షించాలి. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు, అనుభవం లేని చెయ్యి దాన్ని తాకకూడదు. ఆ కాలపు ట్యూబుల్లో ముందరి రక్షణ గాజును అతికించిన జిగురు పొర చెడి, అంచుల నుంచి లోపలికి తెల్లటి మచ్చలు పాకుతాయి. దాన్ని ఓపికగా ఊడదీసి శుభ్రం చేసుకోవచ్చు. టేపు నడిపే రబ్బరు చక్రాలు మెత్తబడి జిగటగా మారతాయి. వాటిని మార్చకుండా క్యాసెట్ పెడితే టేపు చుట్టుకుని తెగిపోతుంది.

ఆ క్యాసెట్టే అన్నింటికంటే విలువైనది. 2200లో శాశ్వతంగా బిగించిన ప్రోగ్రాము ఏదీ ఉండదు. కరెంటు పోతే తిరిగే మెమరీలోనిదంతా పోతుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు వెనక గూటిలో ఏ క్యాసెట్ ఉందో దాన్నిబట్టే అది టెర్మినలో, జీతాల లెక్కల యంత్రమో తేలుతుంది. కాబట్టి యంత్రంతోపాటు టేపులు దొరికితే యంత్రం బాగయ్యేదాకా ఆగకుండా, టేపు మీది అయస్కాంత పూత రాలకముందే, వాటిలోని సంకేతాలను యథాతథంగా నేటి కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచాలి. టేపులు లేకుండా దొరికినా దారి మూసుకుపోలేదు. అప్పటి ప్రోగ్రామింగ్ మాన్యువళ్లు స్కాన్ చేసి ఉన్నాయి, ఈ యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లను ఔత్సాహికులు రాసి పెట్టారు. ఇన్‌స్ట్రక్షన్ సెట్ చిన్నది కాబట్టి కొత్తగా ప్రోగ్రాము రాసి, ముందు ఎమ్యులేటర్‌లో నడిపి చూసుకుని, తర్వాత క్యాసెట్ మీదికి ఎక్కించవచ్చు.